ఆపరేషన్ రాగి బ్లాకు

లండన్‌లో పాత పుస్తకాలమ్మే ఒక ముసలాయన మెట్ల మీంచి జారిపడి, మెడ విరిగి చచ్చిపోయాడని అక్కడి పోలీసులు రాసుకున్నారు. ఆ దుకాణంలో ఉన్నవి మూడే మెట్లు.

"మూడు మెట్ల మీంచి పడి మెడ విరగ్గొట్టుకోవాల్నంటే చానా ప్రాక్టీస్ కావాలె సార్," అన్నది కృపారాణి.

"ప్రాక్టీస్ ఉన్నోళ్లే విరగ్గొట్టిన్రు," అన్నాడు చీఫ్ లింగస్వామి.

హైదరాబాదులో ఒక హోమియో క్లినిక్ బోర్డు వెనక ఉంది వాళ్ల ఆఫీసు. ఆ డిపార్టుమెంటుకు పేరు లేదు, బయటి గోడకు సున్నమూ లేదు. కృపారాణికి నలభై ఆరేళ్లు. పుట్టింది, పెరిగింది మిర్యాలగూడలో. కాటన్ చీర కట్టుకుని భుజాన బ్యాగు తగిలించుకుంటే ఎవరైనా సరే గవర్నమెంటు స్కూలు టీచరనుకుని పక్కకు జరిగి సీటిస్తారు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమె వాడిన ఆయుధాలన్నిట్లోకీ పదునైనది అదే.

"సబ్జెక్టు ఎవరు సార్?"

స్క్రీన్ మీద ఒక ఫోటో పడింది. వెండి జుట్టు, పళ్లన్నీ కనబడే నవ్వు.

"లార్డ్ రూపర్ట్ ఆల్డర్‌మూర్. ఆల్డర్‌మూర్ ఫౌండేషన్ ఛైర్మన్. ఏటేటా పత్రికాస్వేచ్ఛకు అవార్డులిస్తడు. మా తాత ఫాసిస్టుల మీద పోరాడిండని ఎక్కిన ప్రతి స్టేజీ మీద చెప్తడు."

"అసలు సంగతి?"

"దొంగ వార్తల రింగు నడుపుతున్నడు. దేశదేశాల్ల చిన్న చిన్న న్యూస్ యాప్‌లను కొంటడు. కొన్న కొన్ని రోజులకే ఆ ఊళ్లె ఒక దొంగ వీడియో పుడ్తది. జనం కొట్టుకుంటరు. కొట్టుకున్న కాడ ఈయన దోస్తులు ఎలక్షన్లు గెలుస్తరు. ఇప్పుడు మన దిక్కు వచ్చిండు. కోదాడల ఒక యాప్ కొన్నడు."

కృపారాణి ఆ పళ్లను మళ్లీ ఒకసారి చూసింది. "ప్రపంచాన్ని ఏలాలనుకునేటోడు కోదాడకు దిగిండా? పాపం."

"నవ్వకు. చచ్చిపోయిన ముసలాయన తాత పేరు మోరిస్. రెండు ప్రపంచ యుద్ధాల మధ్యల, లండన్‌ల ఫాసిస్టులు నల్లచొక్కాలేసుకొని కవాతు చేసే రోజులల్ల, వాళ్లకు ఎదురుగ చిన్న చిన్న పుస్తకాలచ్చేసిన గుంపులు ఉండె. మోరిస్ అసుంటి ఒక గుంపుల మనిషి. లార్డు తాత బండారం బయటపెట్టే ఫోటో బ్లాకు ఒకటి ఇంకా ఉన్నదని, అది సూర్యాపేటల దేవసహాయం అనేటాయన దగ్గర ఉన్నదని ఈ మనవడు ఒక మీటింగుల చెప్పిండు. ఆ మీటింగుల లార్డు మనిషి కూసున్నడు."

"దేవసహాయం ఎవరు?"

"సత్యవాణి ప్రెస్. పెండ్లి కార్డులచ్చేస్తడు."

చీఫ్ చేతికి తొడుక్కునే గాజు ఒకటి తీసి బల్ల మీదికి తోశాడు. టెక్నికల్ వింగ్ వాళ్ల కొత్త బొమ్మ. అందులో లేజర్ కట్టర్ ఉందట, ఇనప తాళాన్ని వెన్నలా కోస్తుందట.

"లార్డు పక్కన మన మనిషొకామె ఉంది. సౌమ్య. ఫౌండేషన్ తరఫున మ్యూజియాలు చూసుకుంటది. పాస్‌వర్డ్, 'కార్డుకు బంగారు అంచు పెట్టియ్యాల్నా?' జవాబు, 'వద్దు, సాదాగా చాలు.'"

"నమ్మొచ్చునా?"

"మనం జీతమిస్తున్నం. వాళ్లూ ఇస్తున్నరు."

"అంటే నమ్మొద్దు," అని కృపారాణి గాజు తొడుక్కుంది.

*

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో, ఒక పిండి గిర్నికి ఆనుకుని ఉంది సత్యవాణి ప్రెస్. ఆఫ్‌సెట్ మెషిను ఒకటి ముందర, దానికి తాతలాంటి చేతి మెషిను ఒకటి వెనక. గోడ పొడుగునా సీసపు అక్షరాల చెక్క అరలు. గిర్నిలోంచి పిండి, ప్రెస్సులోంచి ఇంకు వాసన కలిసి ముక్కుకు అదోరకంగా తగులుతున్నాయి. ఒక మూల యాదమ్మ అనే అరవయ్యేళ్ల మనిషి కార్డు కవర్లకు బంక పూస్తున్నది. దేవసహాయం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు.

"బిడ్డ పెండ్లి సార్. కార్డులు సూద్దామని," అన్నది కృపారాణి.

ఆయన శాంపిల్ కార్డుల కట్ట ముందర పెట్టాడు. ఆమె రెండు తిప్పింది. ఆయన మెల్లగా అడిగాడు.

"బిడ్డ పెండ్లికొచ్చినోళ్లు ముందుగాల దేవుని బొమ్మ ఏదని అడుగుతరు. నువ్వొచ్చిన కాడి నుంచి తలుపులు, కిటికీలు సూస్తున్నవ్. ఎవలమ్మా నువ్వు?"

ఆమె దాచలేదు. ఐడీ చూపించి, లండన్‌లో ఏం జరిగిందో చెప్పింది. యాదమ్మ బంక కుంచె కింద పెట్టింది.

"మొన్ననే ఫోన్ చేసిండు," అన్నాడు దేవసహాయం. "వచ్చే నెలల ఇండియాకొస్తా, మీ ఇంట్ల అన్నం తింటా అన్నడు. ఆయనకు కారం పడదని యాదమ్మ పరేషానయింది."

"ఆ బ్లాకు కోసమే సంపిన్రు, పెద్దయ్యా."

ఆయన లేచి వెనక అరల దగ్గరికి పోయాడు. అడుగు అరలోంచి అరచెయ్యంత దిమ్మె ఒకటి తీసుకొచ్చి గుడ్డతో తుడిచాడు. పాత రోజుల్లో ఫోటో అచ్చేయాలంటే దాన్ని లోహపు రేకు మీద సన్నటి చుక్కలుగా చెక్కించి చెక్క దిమ్మెకు బిగించేవాళ్లు. ఇది రాగి రేకు. వెనక లండన్‌లో చెక్కిన కంపెనీ ముద్ర, సంవత్సరం ఉన్నాయి. వెలుతురుకు పట్టి చూస్తే ముఖాలు తేలాయి. పెద్ద భోజనాల బల్ల. ఒక విదేశీ ఆఫీసరు వంగి ఒక దొర కోటుకు ఫాసిస్టు బ్యాడ్జీ పెడుతున్నాడు. ఆ దొర కుడిచెయ్యి బార్లా చాపి సెల్యూటు కొడుతున్నాడు. పళ్లన్నీ కనబడుతున్నాయి.

"పళ్లు మాత్రం వంశపారంపర్యం," అన్నది కృపారాణి.

"మా నాయన జ్ఞానరత్నం," దేవసహాయం కుర్చీలో కూర్చున్నాడు. "మిషనోళ్లు సదువుకోను లండన్ తోలిన్రు. పాస్టరై వస్తడనుకున్నరు. ఆయన పోయి ఒక నేలమాళిగ ప్రెస్సుల జొర్రిండు. ఆడ నలుగురు. ఎస్తరని పంతులమ్మ, ఆమె రాసేది. టామ్ అక్షరాలు పేర్చెటోడు. మోరిస్ దర్జీ, కోట్ల మూట కింద పుస్తకాలు దాచి ఇంటింటికి తిరిగి అమ్మెటోడు. మా నాయన ప్రూఫులు దిద్దెటోడు, కుట్టెటోడు, తన్నులు తినెటోడు."

"తన్నులా?"

"నల్లచొక్కాలోళ్లు ఎన్ని తాపలు కిటికీలు పగలగొట్టిన్రో. పెద్ద పెద్ద పుస్తకాల దుకాణాలోళ్లు వీళ్లయి ముట్టకపోతుండె. పెద్దోళ్లతోటి మాకెందుకు లొల్లి అని. ఆఖరికి 'నల్లచొక్కాల వెనక ఎవరు?' అని ఒక పుస్తకం తయారు చేసిన్రు. ఈ ఫోటో దొరల విందుల అన్నం వడ్డించే ఒక పిలగాడు తీసిచ్చిండు. లార్డు తాత కోర్టుకు పోయిండు, నా పరువు పోతదని. జడ్జి ఇంకొక లార్డుకు తోడల్లుడు. పుస్తకం బయటికి రాకముందే అన్నీ కాలబెట్టుమన్నడు. బ్లాకు గూడ తెచ్చి పగలగొట్టుమన్నడు."

"మరి ఇదెట్ల మిగిలింది?"

"టామ్ వేరే బ్లాకు అప్పజెప్పిండు. ఏదో సబ్బు అడ్వర్టైజ్‌మెంటు. జడ్జి దాన్ని కోర్టుల బల్ల మీద పెట్టించి సుత్తెతోని పగలగొట్టించిండట."

"సబ్బునా?"

"సబ్బునే."

యాదమ్మ పకపకా నవ్వింది. ఎన్నిసార్లు విన్నా ఆమె అక్కడ నవ్వుతుందని తెలుస్తూనే ఉంది. దేవసహాయం నవ్వలేదు.

"టామ్ స్పెయిన్‌ల ఫాసిస్టుల మీద కొట్లాడబోయి మల్ల రాలే. ఎస్తరమ్మ నౌకరి పోయింది. మా నాయన ట్రంకుపెట్టెల ఇది పెట్టుకొని ఓడెక్కిండు. పానం పొయ్యేటప్పుడు నాకొక్కటే చెప్పిండు. ఎప్పుడన్న అచ్చేస్తే కింద నలుగురి పేర్లు వెయ్యి అని. నేను వెయ్యలే. ఈడ ఎవనికి కావాలె ఆ లార్డు మొఖం అనుకున్న."

"నాకియ్యిండ్రి. సర్కారు కాపాడ్తది."

"సర్కారు బీరువల పెట్టి తాళమేస్తది. మా నాయన ట్రంకులనే మంచిగుండె గదా."

ఫోటోలన్నా తీసుకోనియ్యమని అడిగింది కృపారాణి. ఒక ఒప్పందానికొచ్చారు. ఆయన చేతి మెషిను మీద ఒక్క నమూనా ప్రూఫు తీశాడు. ఫోటో కింద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ సంగతి, దాని కింద నాలుగు పేర్లు. జ్ఞానరత్నం పేరును ఆయన అన్నిటికంటే ఆఖరున పేర్చాడు. కృపారాణి ప్రూఫును, బ్లాకును, వెనక ముద్రను ఫోన్లో ఫోటోలు తీసుకుంది. బ్లాకును మాత్రం ఆయన తువ్వాలలో చుట్టి నడుముకు కట్టుకుని పైన చొక్కా దించుకున్నాడు.

"ఇగ వాడు నన్ను సంపాల్నంటే దీన్ని దాటుకొని రావాలె," అన్నాడు.

*

హైవే మీది ఏసీ హోటల్లో సౌమ్య నల్ల కళ్లద్దాలు తీయకుండా జ్యూసు తాగుతున్నది. ముప్పై రెండేళ్లుంటాయి. పట్టు కుర్తా. చుట్టుపక్కల నాలుగు టేబుళ్ల వాళ్లు ఇడ్లీ మర్చిపోయి ఆమెనే చూస్తున్నారు. రహస్యంగా తిరగాల్సిన మనిషికి ఇంత అందం అనవసరపు ఖర్చు అనిపించింది కృపారాణికి.

"కార్డుకు బంగారు అంచు పెట్టియ్యాల్నా?"

"వద్దు, సాదాగా చాలు," అన్నది సౌమ్య. "కూర్చోండి మేడమ్. రేపు సాయంత్రం మిర్యాలగూడలో ఫంక్షన్. 'ఊరిపిలుపు' యాప్ లాంచింగ్. స్టేజీ మీద లార్డ్ బటన్ నొక్కుతాడు. మొదటి వార్త మూడు జిల్లాల్లో లక్షల ఫోన్లకు వెళ్తుంది."

"ఏం వార్త?"

"ఏదో రైతుల సక్సెస్ స్టోరీ. కోదాడలో ప్రశాంత్ చూసుకుంటున్నాడు, యాప్ పెట్టింది అతనే." సౌమ్య ముందుకు వంగింది. "ఆ బ్లాకు నాకిప్పించండి. రేపే లండన్ ప్రెస్‌కు చేరుస్తాను."

"రేపు మధ్యాహ్నం ప్రెస్సుకు రండి. ఒక్కరే."

సౌమ్య నవ్వింది. ఆమె ఆ మాట సాయంత్రంలోగా లార్డు చెవిలో వేస్తుందని కృపారాణికి తెలుసు. వేయాలనే చెప్పింది. దొంగతనానికి ఎవడొస్తాడో వాడిని పట్టుకుంటే రింగు తీగ దొరుకుతుంది. రేపు ప్రెస్సు మూసి ఎటైనా పొమ్మని దేవసహాయానికి చెప్పి చూసింది కాని ఆయన వినలేదు. నా దుకాణం నేను మూసుకొని ఉరుకుతనా అన్నాడు. యాదమ్మ అసలు ఆ మాట విననట్టే బంక కలుపుకుంది.

కృపారాణి లెక్కలో తప్పు ఒక్కటే. వాళ్లు దొంగతనానికే వస్తారనుకుంది.

*

మరునాడు మధ్యాహ్నం కృపారాణి ప్రెస్సు లోపల కాచుకుని ఉండగా సౌమ్య ఒంటరిగానే వచ్చింది. ఆమె ప్రెస్సులో అడుగుపెట్టి అద్దాలు తీసిందో లేదో, తను దాటి వచ్చిన షట్టరు ధడాలున కిందికి పడింది. బయట తాళం వేసిన చప్పుడు. షట్టరు కిందినుంచి పెట్రోలు పారుతూ లోపలికొచ్చింది.

సౌమ్య ఫోన్ తీసి ఎవరికో చేసింది. కంగారులో వేలు తగిలి స్పీకరు ఆన్ అయింది. లార్డు గొంతు ఇంగ్లీషులో, టీ తాగుతూ మాట్లాడినంత తీరిగ్గా వచ్చింది.

"డియర్ గర్ల్, నువ్వు చాలా ఉపయోగపడ్డావు. ఆఖరిసారి కూడా ఉపయోగపడుతున్నావు. చచ్చినవాళ్లలో ఒక అందమైన అమ్మాయి ఉంటే వార్త బాగా నడుస్తుంది."

లైను కట్టయింది. భగ్గుమని షట్టరు దగ్గర మంట లేచింది. కాగితం రీములు అంటుకున్నాయి.

"వాళ్లలో ఒకదాన్ననుకున్నవా?" అన్నది కృపారాణి. "వాళ్ల దృష్టిల నువ్వూ ఒక కాగితం రీమువే."

వెనక కిటికీకి ఇనప ఊచలు. కృపారాణి గాజు తిప్పి లేజర్ ఊచకు పెట్టింది. ఎర్రచుక్క ఒకటి వెలిగింది, గాజు చుర్రుమని కాలింది, చుక్క ఆరిపోయింది. ఊచ మీద గీత కూడా పడలేదు. ఆమె గాజును మంటల్లోకి విసిరేసి టెక్నికల్ వింగ్ వాళ్లను ఒక మాట తిట్టింది.

"ఇటు రాండ్రి!" దేవసహాయం అక్షరాల అరలను లాగుతున్నాడు. "దీని వెనక గిర్నిలకు దర్వాజ ఉండె. మా నాయన పొయినంక ఇటుకలు పేర్పించినం."

నలుగురూ కలిసి లాగారు. అర బోర్లా పడింది. వేల అక్షరాలు నేలమీద చెల్లాచెదురయ్యాయి. యాదమ్మ చేతి మెషిను పిడి ఊడబీకి గోడను పొడవసాగింది. పొగకు కళ్లు కనబడట్లేదు. సౌమ్య గోళ్లు విరిగేలా ఇటుకలు లాగుతున్నది. ఒక ఇటుక కదిలింది. రెండు. మనిషి దూరేంత కంత. అవతల్నుంచి గిర్ని వాళ్ల కేకలు. ముందు యాదమ్మను, తర్వాత దగ్గుతున్న ముసలాయన్ను తోశారు. ఆఖరున కృపారాణి దూరి పిండి బస్తాల మీద పడేసరికి వెనకాల పైకప్పు రేకులు కూలాయి.

దేవసహాయం నడుం తడుముకున్నాడు. బ్లాకు ఉంది. తర్వాత మంటల వైపు చూశాడు.

"వాళ్ల తాత గీ పనే చేసిండు," అన్నాడు. "వీనికి కొత్త ఆలోచన గూడ రాలే."

సౌమ్య పిండితో తెల్లబడిన ముఖం తుడుచుకుంటూ కృపారాణి చెయ్యి పట్టుకుంది. "రైతుల స్టోరీ కాదు మేడమ్. వీడియో ముందే తయారై ఉంది. ఒక ప్రెస్సును తగలబెట్టింది ఫలానా వాడ వాళ్లేనని పేరు పెట్టి, ముసుగులేసుకున్న మనుషులను చూపిస్తుంది. అంతా అబద్ధం, వేరే చోట తీశారు. ఎక్కడో ఎవరినో భయపెట్టడానికనుకున్నాను. ఇక్కడని నాకు చెప్పలేదు."

"నువ్వడగలే," అన్నది కృపారాణి.

సందు మొదట్లో అప్పుడే జనం పోగవుతున్నారు. ఎవరు పెట్టిన్రు, ఎవరు పెట్టిన్రు అని ఒకటే మాట. ఆ ప్రశ్నకు జవాబు సాయంత్రం లక్షల ఫోన్లలోకి వస్తుంది. ఆ తర్వాత ఈ సందులో ఏం జరుగుతుందో ఊహించడానికి ఆమెకు శిక్షణ అక్కర్లేదు.

ఆమె చీఫ్‌కు ఫోన్ చేసింది. "సార్, కోదాడ ఆఫీసుకు పోలీసులను పంపొద్దు. ఖాకీ కనబడంగనే ప్రశాంత్ వీడియో వదుల్తడు. నేను పోత. పెద్దాయనను మీ దగ్గరికి తోలిస్త. మీరెక్కడ?"

"మిర్యాలగూడ ఫంక్షన్ హాల్ల. ఫోటోగ్రాఫర్ వేషం," అన్నాడు లింగస్వామి. "కెమెరా మాత్రం నిజందే."

*

కోదాడలో ఊరిపిలుపు ఆఫీసు ఒక ట్రాక్టర్ స్పేర్‌పార్టుల షాపు మీద ఉంది. కింద ఇద్దరు గార్డులు. సౌమ్య ఎప్పట్లాగే తల ఎగరేసి మెట్లెక్కింది. జుట్టు కాలి, బట్టలు పిండి కొట్టుకుని ఉన్నా ఆ నడక చూసి గార్డులు సెల్యూట్ చేశారు. వెనకాల బకెట్టు, చీపురు పట్టుకుని వస్తున్న కృపారాణిని వాళ్లు చూడనైనా చూడలేదు.

ప్రశాంత్ కంప్యూటరు ముందు బిర్యానీ తింటున్నాడు. గోడకున్న టీవీలో మిర్యాలగూడ ఫంక్షన్ లైవ్. సౌమ్యను చూడగానే ముద్ద గొంతులో ఇరుక్కుంది.

"మేడమ్! మీరు... మీరు సూర్యాపేటలో... అంటే... బాగున్నారా అండీ?"

"బతికే ఉన్నాను ప్రశాంత్."

"అయ్యో, అది కాదండీ, నాకేం తెలీదండీ. లార్డు గారు చెప్పారు, నేను ఫైల్ పెట్టానంతే. మాది జస్ట్ ప్లాట్‌ఫామ్ అండీ. కంటెంట్‌కి మేం బాధ్యులం కాదు."

కృపారాణి బకెట్టు కింద పెట్టి తలుపు గడియ వేసింది. ఫాసిస్టులను ఆమె పుస్తకాల్లో చదివింది. కవాతులు, జెండాలు, ఇనప బూట్లు. తీరా దగ్గరికొచ్చి చూస్తే, మూతికి మసాలా అంటించుకుని బాధ్యులం కాదంటున్న ఈ మనిషి కనబడ్డాడు. ఆమెకు కోపం కూడా రాలేదు. చెప్పు కింద ఏదో మెత్తగా తగిలినట్టనిపించింది.

దారిలో సౌమ్య చెప్పిన సంగతి ఒకటి ఆమె వాడుకుంది. "మీ చెల్లె సూర్యాపేటలనే ఉంటది గదా ప్రశాంత్? ఆ వీడియోల పేరు పెట్టిన వాడ పక్క సందుల."

అతను బిర్యానీ పక్కకు నెట్టాడు. "తెల్లారేసరికి సద్దుమణుగుతుందన్నారండీ..."

"ఎవరి శవాల మీద సద్దుమణుగుతది? ఫైల్ మార్చు."

"లాక్ చేసేశానండీ. నా వేలిముద్ర కావాలి. మారిస్తే లార్డు గారు నన్ను..."

ఆమె అతని జిడ్డు బొటనవేలును చీర కొంగుతో శుభ్రంగా తుడిచి, స్కానరు మీద పెట్టి నొక్కింది. అంత మర్యాద అతనికి ఎవరూ చేసి ఉండరు. లాక్ తెరుచుకుంది. కృపారాణి దారిలోనే పంపిన ప్రూఫు ఫోటోలను సౌమ్య తన ఫోన్‌లోంచి ఎక్కించడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీద నీలం గీత కదిలింది, సగం దాకా పాకింది, ఆగిపోయింది.

"నెట్ స్లో," అన్నది సౌమ్య.

టీవీలో లార్డు మాట్లాడుతున్నాడు. "మా తాతగారు చీకటి శక్తులతో పోరాడారు. నిజం కోసం ఆయన సర్వస్వం ధారపోశారు..." హాల్లో చప్పట్లు. ఎవరో గాజు ట్యాబ్లెట్ ఒకటి పువ్వుల పళ్లెంలో పెట్టి తెచ్చారు. లార్డు వేలు లేచింది.

కృపారాణి ఫోన్‌లో అరిచింది. "సార్, ఆపుండ్రి వాణ్ని! ఇంక జరసేపు!"

టీవీలో, స్టేజీ ముందర, జేబుల కోటు వేసుకున్న బట్టతల ఫోటోగ్రాఫర్ ఒకడు చెయ్యెత్తాడు. "సార్! లార్డు సార్! వన్ ఫోటో! ఫింగర్ గట్లనే పెట్టుండ్రి! స్మైల్!"

ఏ మనిషైనా విసుక్కునేవాడే. లార్డు మాత్రం వేలును గాల్లో అట్లాగే నిలిపి, గడ్డం కాస్త ఎత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"లెఫ్ట్ సార్! కొంచెం లెఫ్ట్! సూపర్! మల్లొక్కటి!"

లార్డు ఎడమకు తిరిగాడు. జుట్టు సర్దుకున్నాడు. నీలం గీత పాకింది.

"సార్, లైట్ మంచిగలేదు, మల్లొక్కటి!"

లార్డు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. గీత నిండింది. సౌమ్య ఎంటర్ కొట్టింది. అదే క్షణంలో లార్డు వేలు ట్యాబ్లెట్ మీద దిగింది.

హాల్లో వందల ఫోన్లు ఒక్కసారి టింగుమన్నాయి. స్టేజీ వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర మీద గోడంత బొమ్మ పడింది. బ్యాడ్జీ, సెల్యూటు, పళ్లు. దాని ముందర అవే పళ్లతో మనవడు ఇంకా ఫోటోకు నిలబడే ఉన్నాడు. వెనక ఏముందో అతనికి తెలీదు. చప్పట్లు ఎందుకు ఆగిపోయాయో అర్థంకాక, ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక వరుసలదాకా పాకింది. లార్డు అప్పుడు తిరిగి చూశాడు.

"ఫేక్!" అని అరిచాడు. "ఇది కృత్రిమ మేధ సృష్టి! ఇలాంటి ఫోటో ఎక్కడా లేదు!"

పక్క మెట్ల మీంచి, మసి కొట్టుకున్న చొక్కాతో దేవసహాయం స్టేజీ ఎక్కాడు. వెనక యాదమ్మ. నడుంకు కట్టిన తువ్వాల విప్పి బ్లాకును మైకు ముందర బల్ల మీద పెట్టాడు. ఠంగుమని చప్పుడైంది. ఆ చప్పుడు స్పీకర్లలో హాలంతా వినబడింది.

"రాగి, దొరా. పట్టుకొని సూడు. మీ తాత కోర్టుల పగలగొట్టించింది సబ్బు."

అదే మాట ఇంగ్లీషులోనూ అన్నాడు. ఆ సబ్బు సంగతి హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. లార్డుకు మాత్రం అయినట్టుంది. ఆ కుటుంబంలో ఎవరో అతనికి చెప్పి ఉంటారు. పెదవులు మూసుకుపోయి ఆ పళ్లు మొదటిసారి కనబడకుండా పోయాయి.

కోదాడలో సౌమ్య టీవీ చూస్తూ కుర్చీలో కూలబడింది. "మేడమ్, అతను నాతో మాట్లాడిన కాల్ నా దగ్గర ఉంది. రికార్డయింది."

"ఇద్దరి దగ్గర జీతం తీసుకునేదానివి, ఇద్దరి ఫోన్లూ రికార్డు చెయ్యకుండ ఉంటవా," అన్నది కృపారాణి. "పద, స్టేట్‌మెంటియ్యి. నీ జీతాలల్ల ఒకటి ఇయ్యాల్టితోని బంద్. రెండోది మా చీఫ్ దయ."

సూర్యాపేట సందులో ఆ సాయంత్రం జనం చాలాసేపు ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, తర్వాత రెండు వాడల పిలగాండ్లు కలిసి ప్రెస్సు బూడిదలోంచి సీసపు అక్షరాలు ఏరడానికి బకెట్లు తెచ్చారు. మిర్యాలగూడ హాలు బయట మెట్ల మీద యాదమ్మ తన ఫోన్‌ను దేవసహాయం కళ్లద్దాల ముందు పట్టుకుంది. ఫోటో కింద నాలుగు పేర్లు. ఆయన నాలుగో పేరును వేలితో పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. తెర నిండా నాయన పేరే అయ్యేదాకా చేసి, అప్పుడు ఏడ్చాడు. యాదమ్మ పక్కన కూర్చుంది.

*

లార్డును హత్యాయత్నం కేసులో మిర్యాలగూడ స్టేషనుకు తెచ్చారు. ఎంబసీని పిలవమన్నాడు, ఏసీ వేయమన్నాడు, తనను లార్డ్ అని సంబోధించమన్నాడు. కృపారాణి మూల బెంచీ మీద చాయ్ తాగుతూ చూస్తున్నది. స్టేషన్ రైటర్ బక్కయ్య ఎఫ్ఐఆర్ కాలమ్‌లు ఒక్కొక్కటే నింపుతున్నాడు.

"తండ్రి పేరు?"

లార్డు ఛాతీ విరుచుకున్నాడు. తాను ఎవరి మనవడో, ఆ తాత ఎంతటివాడో, ఏ రాజు చేతుల మీద బిరుదు తీసుకున్నాడో మొదలుపెట్టి చెప్పుకొచ్చాడు. సౌమ్య అనువాదం చేస్తుంటే బక్కయ్య పెన్ను మూయకుండా ఓపిగ్గా అంతా విన్నాడు.

"తాత ఫోటో అందరం సూసినం సార్," అన్నాడు చివరికి. "తండ్రి పేరు చెప్పుండ్రి."